పాముల పండుగ సాధువు – సోరా డొమెనికో జీవితం

ప్రతి సంవత్సరం మే నెల మొదటి తేదీన లోకమంతా కార్మిక దినోత్సవం జరుపుకుంటూ ఉంటే, ఇటలీ దేశంలో అబ్రుజ్జో అనే కొండప్రాంతంలో, కొకుల్లో అనే ఒక చిన్న ఊళ్ళో మరో రకం పండుగ జరుగుతుంది. ఆ ఊరి జనాభా మూడు వందలకు కూడా చేరదు. ఆ ఒక్క రోజు మాత్రం వేలమంది వచ్చి సందుల్లో నిలబడడానికి చోటు లేకుండా చేస్తారు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు గుడిలోంచి ఒక సాధువు విగ్రహాన్ని బయటికి తెస్తారు. మన ఊళ్ళల్లో దేవుడికి పూలదండలు వేసినట్టు, అక్కడ ఆ విగ్రహం మెడకూ భుజాలకూ బతికున్న పాములను వేస్తారు. అవి అటూ ఇటూ పాకుతూ, నాలుకలు ఆడిస్తూ, విగ్రహంతో పాటు ఊరంతా ఊరేగుతాయి. పిల్లలు సైతం వాటిని చేతుల్లోకి తీసుకుని ముద్దు చేస్తారు. ఎవరూ భయపడరు, ఎవరూ కర్ర ఎత్తరు.

పోయిన ఏడాది మా జంతుశాస్త్రం క్లాసులో సరీసృపాల పాఠం చెబుతూ మా లెక్చరర్ గారు ఈ సంగతి చెప్పినప్పుడు, క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో ఈ వ్యాసం చివర చెబుతాను. ముందు ఆ సాధువు ఎవరో, ఏ కాలం వాడో, పాములకూ ఆయనకూ సంబంధం ఎట్లా కలిసిందో తెలుసుకుందాం.

ఆయన పేరు డొమెనికో. సోరా అనే పట్నంలో కన్నుమూశాడు గనుక సోరా డొమెనికో అంటారు. క్రైస్తవ సాధువులలో డొమెనికో అనగానే చాలామందికి స్పెయిన్ దేశంలో పుట్టి, బోధక సన్యాసుల సంఘం స్థాపించిన మరొకాయన గుర్తుకొస్తాడు. ఆయన వేరు. మన కథానాయకుడు ఆయనకంటే రెండు వందల ఏళ్ళకు పైగా ముందటివాడు.

డొమెనికో క్రీ.శ. 951లో మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో, ఫొలీన్యో పట్నంలో జన్మించాడు. ఆ కాలం మంచికాలం కాదు. ఇటలీ అప్పటికి ఒక దేశం కాదు. ముక్కలు ముక్కలుగా ప్రభువుల చేతుల్లో ఉండేది. ఆ ప్రాంతాలకు వెలుగునిచ్చిన మోంటే కాసినో మఠాన్ని 883లో అరబ్బు సేనలు తగలబెట్టగా, అక్కడి సన్యాసులు చెట్టుకొకరు పుట్టకొకరై, దాదాపు డెబ్బై ఏళ్ళ దాకా తిరిగి ఆ కొండ ఎక్కలేకపోయారు. రోము నగరంలో పోపు ఎవరు కావాలన్నది కూడా పెద్ద కుటుంబాల వాళ్ళే తేల్చేవారు. చర్చి పదవులను డబ్బు పెట్టి కొనుక్కోవడం, మఠాల భూములను బంధువులకు రాసివ్వడం మామూలైపోయింది. కూటికి లేని రైతు మాత్రం ఎవరు ప్రభువైనా పన్ను కట్టవలసిందే.

తల్లిదండ్రులు డొమెనికోను చిన్నతనంలోనే ఆ ఊరి సాన్ సిల్వెస్ట్రో మఠంలో చదువుకు అప్పగించారు. ఆ రోజుల్లో బడి అంటే మఠమే. అక్షరాలు, లాటిన్ భాష, కీర్తనలు అన్నీ అక్కడే నేర్చుకోవాలి. చదువు ముగిశాక గురుపట్టం కూడా పొందాడు. ఊళ్ళోనే గుడిలో కుదురుకుని ఉంటే సుఖంగా జరిగిపోయేది. ఆయనకు ఆ సుఖం పట్టలేదు. ఇల్లూ ఊరూ వదిలిపెట్టి, పియెత్ర దెమోనె అనే చోట బెనెడిక్టైన్ మఠంలో చేరి సన్యాసి అయినాడు. బెనెడిక్టైన్ల నియమం రెండు మాటల్లో చెప్పుకోవచ్చు. ప్రార్థించు, పనిచెయ్యి అనేవే అవి. సన్యాసి అయినంత మాత్రాన ఒకరి కష్టం మీద బతకకూడదు. పొద్దున లేస్తే గుడిలో కీర్తన, ఆ తర్వాత పొలంలో పార. రైతు కుటుంబం నుంచి వచ్చిన నాబోటివాడికి ఈ నియమం బాగా నచ్చింది.

కొంతకాలానికి ఆ మఠం జీవితం కూడా ఆయనకు చాలలేదు. పెద్దల అనుమతితో ఒంటరిగా కొండల్లోకి వెళ్ళి తపస్సు చేసుకోవడం మొదలుపెట్టాడు. ఇక్కడినుంచి ఆయన జీవితం ఒకే పద్ధతిలో నడిచింది. ఏదో ఒక కొండగుహ వెతుక్కుని దాంట్లో ఉంటాడు. గొర్రెల కాపరి ఒకడు చూస్తాడు. వాడు వెళ్ళి ఊళ్ళో చెబుతాడు. నలుగురూ వస్తారు. రోగం వచ్చినవాడు, పంట పోయినవాడు, మనశ్శాంతి లేనివాడు అందరూ గుహ ముందు చేరతారు. కొందరు మీతోనే ఉండిపోతామంటారు. వాళ్ళ కోసం ఒక మఠం కట్టవలసి వస్తుంది. ఆ ప్రాంతపు ప్రభువు భూమి ఇస్తాడు. మఠం లేస్తుంది, జనం పెరుగుతారు, పేరు వస్తుంది. పేరు రాగానే ఈయన మఠాన్ని మరొకరికి అప్పగించి, చేతికర్ర పట్టుకుని ఇంకో కొండకు బయలుదేరతాడు.

ఇట్లా ఆయన రోముకు ఈశాన్యంగా ఉన్న స్కాండ్రీల్యా దగ్గర ఒక మఠం స్థాపించాడు. అక్కడినుంచి అబ్రుజ్జో కొండల్లోకి వచ్చి, విల్లలాగో అనే ఊరి దగ్గర సాన్ పియెత్రో పేరిట మరొక మఠం ఏర్పాటుచేశాడు. ఆ దగ్గరలోనే ప్రాతో కార్దోసో అనే చోట ఒక గుహలో ఆయన ఏకాంతంగా గడిపాడు. ఆ గుహ ఈనాటికీ ఉంది. దాని ముందున్న చెరువు ఇరవయ్యో శతాబ్దంలో కరెంటు కోసం ఆనకట్ట కట్టినప్పుడు ఏర్పడినది. దానికి కూడా ఈయన పేరే పెట్టారు. కొకుల్లో గ్రామం ఇక్కడికి కొండదారిన కొద్ది మైళ్ళ దూరం మాత్రమే.

తర్వాత నైరుతి దిక్కుగా వెళ్ళి, త్రిసుల్తి అనే దట్టమైన అడవిలో గుహలో ఉన్నాడు. అక్కడ సాన్ బార్తొలొమియో మఠం వెలిసింది. ఆయన వెళ్ళిపోయిన రెండు వందల ఏళ్ళకు, 1204లో, అదే ప్రాంతంలో కార్తూసియన్ సన్యాసులు పెద్ద మఠం కట్టుకున్నారు. ఒక మనిషి ఒక గుహలో కూర్చున్నందుకు ఆ అడవి ఎనిమిది వందల ఏళ్ళ పాటు సన్యాసుల నివాసమైందంటే చిన్న సంగతి కాదు.

ఆయన పోయిన చోటల్లా పూలు చల్లారనుకుంటే పొరపాటు. గురువులు నిష్ఠగా బతకాలనీ, పదవులు అమ్ముకోకూడదనీ, పేదవాడి సొమ్ము తినకూడదనీ ఆయన మొహం మీదే చెప్పేవాడు. అది వినవలసినవాళ్ళకు రుచించేది కాదు. జనం కాళ్ళకు మొక్కుతుంటే, పెద్దలు కొందరు ఎప్పుడు పోతాడా అని ఎదురుచూసేవాళ్ళు. చర్చిలో ఈ సంస్కరణల మాట గట్టిగా వినపడింది ఆయన చనిపోయిన తర్వాతనే. ఆ ఉద్యమానికి దుక్కి దున్నినవాళ్ళలో ఈయన ఒకడని చెప్పవచ్చు.

1011 ప్రాంతంలో డొమెనికో సోరా చేరుకున్నాడు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళు. సోరా ప్రభువు పియెత్రో రైనేరియో, అతని భార్య డోడా తమ పాపాలకు ప్రాయశ్చిత్తంగా ఏం చేయాలని ఆయనను అడిగి, ఆయన కోరిక ప్రకారం ఒక మఠం కట్టించి ఇచ్చారు. అది కట్టిన చోటు కూడా విశేషమైనదే. ఫిబ్రేనో అనే ఏరు లీరి నదిలో కలిసే ఆ తావునే రోమను మహావక్త సిసిరో పుట్టి పెరిగిన ఇల్లు ఉండేదని చెబుతారు. మాటలతో సామ్రాజ్యాన్ని కదిలించినవాడి పాత ఇంటి రాళ్ళమధ్య, మాటలు తక్కువగా మాట్లాడే ఒక ముసలి సన్యాసి స్థిరపడ్డాడు. ఇక్కడ ఉంటూనే మధ్యమధ్య కొండల్లోకి పోయి వస్తూ, మోలీసె ప్రాంతంలో సాన్ పియెత్రో అవెల్లానా అనే చోట కూడా మఠం నెలకొల్పాడు.

క్రీ.శ. 1031 జనవరి 22వ తేదీన సోరా మఠంలోనే ఆయన తుదిశ్వాస విడిచాడు. ఎనభై ఏళ్ళ జీవితం. అక్కడే సమాధి చేశారు. ఆయన జీవితచరిత్రను శిష్యుడైన జొవాన్ని రాశాడు. తర్వాత మోంటే కాసినో పండితుడు అల్బెరికో కూడా రాశాడు. 1104లో రెండవ పాస్కల్ పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. చర్చి లెక్క ప్రకారం ఆయన పండుగ జనవరి 22ననే. మరి మే నెల ఎక్కడనుంచి వచ్చింది? పాములు ఎక్కడనుంచి వచ్చాయి?

చరిత్ర చెప్పే డొమెనికో ఇంతవరకే. ఇకనుంచి జనం చెప్పుకునే డొమెనికో మొదలవుతాడు. రెండోవాడు లేకపోతే మొదటివాడిని పండితులు తప్ప ఎవరూ తలుచుకుని ఉండేవారు కాదేమో.

జనం చెప్పుకునే కథల్లో మూడు ముఖ్యమైనవి. ఒకసారి ఒక ప్రభువు ఆయనకు చేపలు పంపించాడట. తెచ్చేవాళ్ళు దారిలో ఆశపడి కొన్ని చేపలను పొదలో దాచిపెట్టి, మిగిలినవే ఇచ్చారట. ఆయన ఏమీ అనలేదు. తిరిగి పోతూ పొదలో చూస్తే చేపలకు బదులు పాములు ఉన్నాయట. రెండోది, కొకుల్లోలో ఒక కమ్మరి ఆయన కంచరగాడిదకు నాడా కొట్టి కూలి అడిగాడట. సన్యాసి దగ్గర డబ్బెక్కడిది? కమ్మరి పట్టుబట్టేసరికి, నాడా తిరిగి ఇచ్చెయ్యమని ఆయన గాడిదకు చెప్పాడట. అది కాలు విదిలిస్తే నాడా ఊడి పడిందట. మూడోది, కొకుల్లో వాళ్ళు మమ్మల్ని విడిచిపోతున్నారే అని బాధపడితే, తన పన్ను ఒకటి తానే పెరికి గుర్తుగా ఇచ్చి పోయాడట. ఆ నాడా, ఆ పన్ను ఈ రోజుకీ కొకుల్లో గుడిలో భద్రంగా ఉన్నాయి.

ఈ మూడు కథలనుంచే మూడు నమ్మకాలు పుట్టాయి. పాముకాటునుంచి, పిచ్చికుక్క కాటునుంచి, పంటినొప్పినుంచి డొమెనికో కాపాడతాడని ఆ కొండవాళ్ళు నమ్మారు. ఎందుకు ఈ మూడే? ఆ ప్రజల బతుకు చూస్తే అర్థమవుతుంది. కొకుల్లో సముద్రమట్టానికి సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. రాతి నేల. పండే పంట తక్కువ. అబ్రుజ్జో మగవాళ్ళు గొర్రెలను తోలుకుని చలికాలానికి దక్షిణాన అపూలియా మైదానాలకు నడిచిపోయి, ఎండాకాలానికి తిరిగి కొండెక్కేవాళ్ళు. వందల మైళ్ళ గడ్డిదారులు, రాత్రిళ్ళు ఆరుబయట పడక. రాయి కింద పాము, మంద వెంట కుక్క, ఒక్కోసారి తోడేలు. ఇక నలభై ఏళ్ళు దాటకముందే పళ్ళు పుచ్చిపోయే తిండి. డాక్టరు లేడు, మందు లేదు. ఉన్నది ఒక్క సాధువు పేరే. కొండలన్నీ కాలినడకన తిరిగిన సాధువు గనుక, తిరిగేవాళ్ళకు ఆయన దేవుడైనాడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. క్రీస్తు పుట్టకముందే ఆ ప్రాంతాల్లో మార్సి అనే జాతి ఉండేది. వాళ్ళకు పాములను లొంగదీసే విద్య తెలుసునని రోమను రచయితలు రాశారు. వాళ్ళ దేవత అంగీతియా. ఫుచీనో అనే పెద్ద చెరువు ఒడ్డున ఆమెకు పవిత్రవనం ఉండేది. ఆ చెరువును పంతొమ్మిదో శతాబ్దంలో ఎండగట్టి పొలాలు చేశారు. ఆ పాత దేవత కొలువే తర్వాత సాధువు పండుగగా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. అల్ఫోన్సో ది నోలా అనే ఇటలీ పండితుడు కొకుల్లో పండుగను దగ్గరుండి పరిశీలించి 1976లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని విపులంగా చర్చించాడు. మంచు కరిగి, పాములు బయటికి వచ్చి, సేద్యం మొదలయ్యే కాలానికి ఈ పండుగ రావడం కూడా ఆ పాత సంబంధాన్నే చూపుతుంది. దేవుళ్ళ పేర్లు మారినా రైతు భయాలు మారలేదన్నమాట.

ఇప్పుడు పండుగ సంగతి. మార్చి నెలాఖరులో మంచు కరగగానే పాములు పట్టేవాళ్ళు రాళ్ళగుట్టల వెంట బయలుదేరతారు. వీళ్ళను సెర్పారి అంటారు. వీళ్ళది కులవృత్తి కాదు. ఊరివాళ్ళే, తండ్రిని చూసి కొడుకు నేర్చుకున్నవాళ్ళే. ఇప్పుడు ఆడపిల్లలు కూడా పడుతున్నారు. పూర్వం పట్టిన పాములను మట్టి కుండల్లో ఉంచేవాళ్ళు, ఇప్పుడు పెట్టెల్లో ఉంచుతున్నారు. పండుగనాడు పొద్దున్నే భక్తులు గుడిలో వరుసగా నిలబడి, చిన్న గంటకు కట్టిన గొలుసును పళ్ళతో పట్టి లాగుతారు. అట్లా చేస్తే ఏడాదంతా పంటినొప్పి రాదని నమ్మకం. సాధువు విగ్రహం వెనుక తవ్విన మట్టిని పిడికెడు తీసుకుపోయి పొలాల్లో, ఇంటి చుట్టూ చల్లుకుంటారు. పూజ అయినాక విగ్రహం బయటికి వస్తుంది. పాములు వేస్తారు. అవి విగ్రహం మీద ఎటు పాకాయో చూసి ఆ ఏడు పంట ఎట్లా ఉంటుందో పెద్దవాళ్ళు చెబుతారు. పాతకాలపు దుస్తులు కట్టిన ఇద్దరు ఆడపిల్లలు గుండ్రటి తీపిరొట్టెల బుట్టలు తలమీద పెట్టుకుని విగ్రహం వెంట నడుస్తారు. ఊరేగింపు అయిపోయిన తర్వాత, ఏ పామును ఏ చోట పట్టారో ఆ చోటికే తీసుకుపోయి వదిలేస్తారు. పూర్వం ఈ పండుగ మే నెల మొదటి గురువారం జరిగేది. 2012 నుంచి, అందరికీ సెలవు కలిసొచ్చేట్టు, మే 1కి మార్చుకున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మాత్రం ఊరేగింపు ఆగిపోయింది.

సైన్సు విద్యార్థిగా నాకు తోచిన మాట ఇక్కడ చెప్పాలి. ఆ పాములు కరిచినా చావరా, సాధువు మహిమేనా అని మీరు అడగవచ్చు. అవి విషం లేని పాములు. నాలుగు రకాలను మాత్రమే పడతారు. చెర్వోనే అనే చారల పాము, సాయెత్తోనే అనే పొడుగుపాము, బియాక్కో అనే నల్లటి చురుకైన పాము, మెడ దగ్గర పట్టీ ఉన్న బీషా అనే నీటిపాము. మన రక్తపింజర కుటుంబానికే చెందిన విషసర్పం కూడా ఆ కొండల్లో ఉంది. దాన్ని వాళ్ళు ముట్టుకోరు. అంటే ఏది విషపాము, ఏది కాదు అనే జ్ఞానం, పుస్తకం చదవని గొర్రెల కాపరులకు భక్తి ద్వారా వందల ఏళ్ళుగా అందుతూ వచ్చింది.

వీటిలో చెర్వోనే రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. ఎలుకలను తింటుంది. దానికి ఇటలీ పల్లెల్లో పాస్తురవాక్కె అని ఇంకో పేరుంది. ఆవులను మేపేది అని అర్థం. ఆవు కాళ్ళకు చుట్టుకుని పొదుగులో పాలు తాగుతుందని అక్కడి రైతులు అనుకునేవాళ్ళు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసేశాను. మా ఊళ్ళో జెర్రిపోతును గురించి అచ్చంగా ఇదే మాట చెబుతారు. పాముకు పాలు పీల్చే పెదవులు లేవు, పాలు అరిగించుకునే కడుపు కూడా లేదు. సముద్రాల అవతల రైతూ, మా నాయనా ఒకే అబద్ధాన్ని నమ్మారు. తేడా ఏమిటంటే, వాళ్ళు ఆ పామును సాధువు మెడలో వేశారు. మేము కర్రతో కొట్టాము.

మొదట చెబుతానన్న మాట ఇప్పుడు చెబుతాను. నేను ఏడో తరగతి చదివేటప్పుడు మా చిన్నాన్న వేరుశనగ చేనికి కాపలా పడుకుని, తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ ఇంటికొచ్చాడు. కట్లపాము కరిచింది. గాటు కూడా సరిగా కనపడలేదు. పక్క ఊళ్ళో మంత్రం వేసేవాడి దగ్గరికి బండి కట్టుకుని పోయాము. అక్కడ రెండు గంటలు పోయినాయి. ఆస్పత్రికి చేరేసరికి కనురెప్పలు వాలిపోయినాయి, తర్వాత ఊపిరి కూడా ఆగిపోయింది. ఆ రోజునుంచి మా నాయన కంటపడ్డ పామునల్లా చంపుతాడు. రెండేళ్ళ కిందట గడ్డివామిలో ఒక జెర్రిపోతు కనపడితే కర్ర తీసుకున్నాడు. టార్చిలైటు పట్టుకుని నిలబడింది నేనే. అది విషం లేనిదనీ, మన గింజలు తినే ఎలుకలను అది తింటుందనీ అప్పటికే నాకు తెలుసు. అయినా నోరు తెరవలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి ఆ సమయంలో పాఠం ఎట్లా చెప్పేది? క్లాసులో నాకు నవ్వు రాకపోవడానికి అదే కారణం.

అందుకని డొమెనికో కథలో నాకు రెండు ముఖాలు కనపడుతున్నాయి. ఒకటి, నాడా తాకిస్తే పిచ్చికుక్క విషం పోదు. గంట గొలుసు లాగితే పుచ్చిన పన్ను బాగుపడదు. 1885లో పాశ్చర్ టీకా వచ్చేదాకా పిచ్చికుక్క కాటుకు మందే లేదు. పాముకాటుకు సీరం వచ్చింది కూడా ఆ తర్వాత పదేళ్ళకే. మందు లేని కాలంలో సాధువు పేరు తలుచుకున్నవాణ్ణి చూసి మనం నవ్వకూడదు. కానీ మందు వచ్చిన తర్వాత కూడా మంత్రం దగ్గరే కూర్చుంటే అది భక్తి కాదు, ప్రాణం తీసుకోవడం. 2000 నుంచి 2019 వరకు మనదేశంలో పాముకాటుకు పన్నెండు లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో మన తెలుగునేల కూడా ఉంది. చచ్చిపోయినవాళ్ళలో చాలామంది పల్లెలవాళ్ళు, చేలో పనిచేసేవాళ్ళు. అంటే మనవాళ్ళే.

రెండో ముఖం ఇది. డొమెనికో ఎన్నడూ ఏ పామునూ చంపినట్టు కథ లేదు. క్రైస్తవ కథల్లో పామును తొక్కి చంపిన వీరులు చాలామంది ఉన్నారు. పామునే సైతానుగా చెప్పిన మతం అది. ఆ మతంలోనే, ఈ ఊరు తమ సాధువును పాముతో సహా పూజిస్తున్నది. తనకు ఏది చావు తెస్తుందని భయపడ్డారో దానితోనే కలిసి బతకడం ఆ రైతులు నేర్చుకున్నారు. ఏ మఠాన్నీ తనదని పట్టుకుని కూర్చోని మనిషి పండుగలో, పట్టిన పామును కూడా పట్టి ఉంచరు, వదిలేస్తారు. ఇది ఆయన జీవితానికి తగినట్టే ఉందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఆ పండుగలోకి సైన్సు కూడా వచ్చి కూర్చుంది. చెర్వోనే పాము ఐరోపా దేశాలు కొన్ని కలిసి 1992లో చేసిన చట్టం ప్రకారం రక్షిత జీవి. దాన్ని పట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. సెర్పారులు పట్టితెచ్చిన పాములను జంతుశాస్త్రవేత్తలు కొలిచి, తూచి, జబ్బులున్నాయేమో చూసి, గుర్తుకోసం చర్మం కింద గింజంత చిప్పు పెడతారు. మరుసటి ఏడు అదే పాము దొరికితే ఎంత పెరిగిందో తెలుస్తుంది. భక్తులూ శాస్త్రజ్ఞులూ ఒకే పెట్టె చుట్టూ కూర్చుంటారు. గుడిని వదులుకోమని వీళ్ళు అనలేదు, కొలబద్ద అవతల పారెయ్యమని వాళ్ళు అనలేదు. మూడు వందల మంది లేని ఊరు ఇంత పని చేయగలిగింది. మనకు ఎందుకు చేతకాదు?

పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు, రాత్రి అన్నాలు తిన్నాక మా నాయనకు ఈ సాధువు కథంతా చెప్పాను. ఎనభై ఏళ్ళు కాలినడకన తిరిగిన సంగతి, చేపలు, నాడా, పన్ను, మే నెల ఊరేగింపు అన్నీ చెప్పాను. జెర్రిపోతు సంగతి కూడా చెప్పాను. మా నాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒక్కటే అడిగాడు, పట్టినచోటే తిరిగి ఎందుకు వదులుతారని. ఆ పాముకు ఆ గట్టే ఇల్లు, ఆ ఎలుకలే తిండి, వేరేచోట వదిలితే బతకదు అని చెప్పాను. తల ఊపి, గొడ్లకు మేత వెయ్యడానికి లేచిపోయాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. ఇంతవరకు కర్ర మాత్రం వాకిట్లోనే ఉంది.

మిత్రులారా, మనలో చాలామంది పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు రెండు మాటలు చెప్పండి. పాము కరిస్తే ఎక్కడా ఆగకుండా నేరుగా ఆస్పత్రికే పోవాలి. పాము కనపడితే అది ఏదో తెలుసుకోకుండా కర్ర ఎత్తకూడదు. ఎవరికీ ఏమీ చెప్పకుండా టార్చిలైటు పట్టుకుని నిలబడవద్దు. నేను అట్లా నిలబడ్డాను గనుక చెబుతున్నాను.